రిజర్వులో నడిచిన కారు

సోనారి,
ఆగస్టు 25

మహారాజశ్రీ బావగారు గౌరీశంకర్ గారికి, బావమరిది దీపక్ కడుపుమంటతో సహా నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, కారు తప్ప. "ఫోనుల్లో తిట్టుకోడం, చెరిపేయడం! ఏటున్నా కాగితం మీద రాసి కారు అరలో పెట్టండి" అని నాన్న శాసించారు కనుక ఈ శ్రమ. కంటిచూపు తగ్గి ఆయన స్టీరింగు వదిలాక, కారు ఒక వారం కొడుకుది, ఒక వారం అల్లుడిది. బాగా చూసుకున్నవాడికి వచ్చే నెల విశ్వకర్మ పూజ నాడు, బళ్ళకి పూజ చేసే వేళ, తాళం శాశ్వతంగా ఇస్తారట.

పదో తరగతి నుంచి ఈ కారు తుడిచింది నేను. అప్పట్లో నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వని నాన్న, పెళ్ళైన మూడో రోజునే మీ చేతిలో తాళం పెట్టారు. చేప తల కూడా అమ్మ మీకే వడ్డిస్తుంది. అవన్నీ మరిచిపోయాను. పోయిన సోమవారం మీరు కారు అప్పగించినప్పుడు పెట్రోలు ముల్లు ఎర్రగీత మీద పడుకుని ఉండడం మాత్రం మరవలేను. అంచేత నేనూ అదే గీత మీద అప్పగిస్తున్నాను.

ఇట్లు,
మీ కాళ్ళు కడిగిన కుటుంబ సభ్యుడు,
దీపక్

తా.క. బంకు వరకూ వెళ్తుంది. ఎదురుగాలి లేకపోతే.

*

గోవింద్‌పూర్,
సెప్టెంబరు 1

చిరంజీవి దీపక్‌ను బావ అయిష్టంగా ఆశీర్వదించి వ్రాయునది.

ఎదురుగాలి ఉంది. బంకు దాకా మీ అక్కా నేనూ తోశాం. అంటే రోహిణి తోసింది, నేను స్టీరింగు పట్టుకున్నాను.

నువ్వు స్నేహితుల్ని ఎక్కించుకుని డిమ్నా చెరువుకి వెళ్ళి ఫొటోలు పెడతావు. ఎవడో "గాడీ మస్త్ హై భాయ్" అని మెచ్చుకుంటే, సొంత బండైనట్టు "అప్నీ హీ హై" అంటావు. నా వారంలో నేను ట్యాంకు నింపితే నీ వారంలో నువ్వు షికార్లు కొట్టడమా? అందుకే లీటరు లీటరుగా పోయిస్తూ, సోమవారం పొద్దుటికి సరిగ్గా అయిపోయేలా నడుపుతున్నాను. నేను ఇంజనీరింగు చదివింది ఇందుకే.

ఆశీస్సులతో,
ఇంటల్లుడు

తా.క. చేప తలలో అన్నీ ముళ్ళే. నడిమి ముక్కలు ఎవరికి పడుతున్నాయో రోహిణి చెప్పింది.

*

సోనారి,
సెప్టెంబరు 8

బావగారి దివ్యసముఖానికి,

మీ కుట్ర బయటపడింది. కారు కదిలినంతసేపూ వెనక సీటు కింద ఈగ ఇరుక్కున్నట్టు సన్నటి కూత. నా మాటలు పట్టి నాన్నకి వినిపించడానికి మీరు అక్కడ యంత్రం పెట్టారు! అందుకే వారమంతా ఆ సీటుకి వినబడేలా "మా నాన్న దేవుడు, మా బావ బంగారం" అంటూ నడిపాను. రెండోది నోట రావడానికి గేరు మార్చాల్సి వచ్చింది. పక్కన కూర్చున్న మా ఆఫీసు అర్పిత "తబియత్ తో ఠీక్ హై నా?" అని నా ఆరోగ్యం వాకబు చేసి, దిగి ఆటో ఎక్కి పోయింది. ఆ తర్వాత కూత వినబడకుండా పాటలు గట్టిగా పెట్టుకున్నాను.

మాన్గో వంతెన ఎక్కుతుంటే కారుకి ఆయాసం కూడా వచ్చింది. మీ యంత్రం బ్యాటరీ తాగేస్తోంది. తీసేయండి.

వినయంగా,
దీపక్

తా.క. ముల్లు ఎర్రగీతకి కాస్త కింద ఉంది. నేనూ ఇంజనీరునే.

*

గోవింద్‌పూర్,
సెప్టెంబరు 13

ప్రియమైన దీపక్‌కు,

యంత్రం నాది కాదయ్యా. నువ్వే పెట్టావనుకుని నేనూ మావయ్యని పొగుడుతూ నడుపుతున్నాను.

ఇవాళ పొద్దున్న కూత ఆగింది. పీడ వదిలిందనుకున్నాను. కారూ ఆగింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. మెకానిక్ పైడిబాబు నన్ను తాళం తిప్పమని, తను వెనక సీటుకి చెవి ఆనించి, "పెట్రోలు పంపు పోయింది సార్. కొత్తది ఎయ్యాల" అన్నాడు. కూసింది ఆ పంపేనట. మావయ్యకి ఫోను చేస్తే "కారు ఎవడిదో ఆడే ఏయించుకోవాల" అన్నారు.

ఆ క్షణంలో నా మనసు మారింది. పదో తరగతి నుంచి తుడిచినవాడివి. కారు నీదే. నాకు ఏ హక్కూ వద్దని సంతోషంగా సంతకం చేసి, రోహిణి చేత పంపుతున్నాను.

నీ మేలు కోరే,
గౌరీశంకర్

తా.క. పంపు ధర కూడా చెప్పాడు. నిజంగానే వద్దు.

*

సోనారి,
సెప్టెంబరు 14

పితృసమానులైన బావగారికి,

మీ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయి. ఇంటల్లుడి కారు లాక్కునేంత నీచుణ్ణా? కారు మీదే. నాకు ఇప్పుడూ వద్దు, ఎప్పుడూ వద్దు. ఇదిగో సంతకం. ఆలస్యమైతే మీరు మరింత ఉదారులైపోతారని, అక్కని నిలబెట్టే రాసి ఇస్తున్నాను.

పాదాభివందనాలతో,
దీపక్

తా.క. నడిమి ముక్కలు కూడా మీరే తినండి.

*

గోవింద్‌పూర్,
సెప్టెంబరు 17

మా ఆయనకీ, మా తమ్ముడికీ రోహిణి రాసేది. ఇద్దరికీ ఇదే ఉత్తరం, చెరో కాపీ.

మోసింది నేనే కాబట్టి మీ ఉత్తరాలు రెండూ చదివాను. నాన్నకీ వినిపించాను.

"ఇద్దరూ ఒద్దన్నారేటి?" అన్నారు.

"సంతకం పెట్టి మరీ."

"పోనీ, నీకు కావాలేటమ్మా?"

ఆ కారు విషయంలో నన్నెవరైనా ఏమైనా అడగడం అదే మొదలు. కావాలన్నాను.

పంపు నా జీతంతో వేయించాను. దగ్గరుండి చూశాను. పైడిబాబు బ్యాటరీ తీగ ఊడదీసి, వెనక సీటు ఎత్తి, దాని కింద మూత విప్పి, ట్యాంకులోంచి పంపు పైకి తీశాడు. జల్లెడ నిండా నల్లటి మడ్డి. "ఇది పెట్రోల్లో మునిగుండాలమ్మా. పెట్రోలే దీన్ని సల్లగా ఉంచుద్ది. ఎవులో పగబట్టి ఎండగట్టీసినారు" అన్నాడు. ఒకరు కాదు, ఇద్దరని చెప్పాను. పావు ట్యాంకుకి తగ్గనివ్వకూడదట. నిండా పోయించాను.

ఇవాళ గ్యారేజీలో విశ్వకర్మ పూజ చేయించి, కారుకి బొట్టు పెట్టి, దండ వేసి, అమ్మానాన్నల్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పాను. లైసెన్సు ఎప్పుడొచ్చిందని అడుగుతారేమో. వచ్చి ఆరు నెలలైంది. మీరిద్దరూ ఆ ముల్లు మీంచి కళ్ళు తిప్పితే కదా.

ఇట్లు,
కారు యజమానురాలు

తా.క. ఆదివారం డిమ్నా వెళ్తున్నాం. నాన్న ముందు సీటులో. మీ ఇద్దరికీ వెనక చెరో కిటికీ ఇచ్చాను. కొట్టుకోకుండా అమ్మ మధ్యలో కూర్చుంటుంది.