పామర్రు అర కిందికి దిగింది

విజయవాడ, 1974, మంగళవారం

పొద్దున పోస్టాఫీసుకి వెళ్లేసరికి, మేం ఉత్తరాలు సార్టింగ్ చేసే అరల్లో అన్నిటికన్నా ఎక్కువగా నిండే పామర్రు అరను పైవరస నుంచి నడుం ఎత్తుకి దించేశారు. నాకు మాటమాత్రమైనా చెప్పలేదు. అలవాటున చెయ్యి పైకే పోయి, పామర్రు ఉత్తరాలన్నీ ఆ చోటికి మార్చిన కైకలూరు అరలో పడేశాను. నా చేత తప్పులు చేయించి మెమో ఇవ్వడానికే ఈ పన్నాగం అనుకుని సూపర్‌వైజరును నిలదీశాను.

"మీకు భుజం నొప్పి కదండీ, అందుకే దించాను," అన్నాడు నెమ్మదిగా.

నొప్పి సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. పామర్రులో ఉన్న అన్నయ్యకు మాత్రం పోయిన వారం కార్డు రాశాను. ఇన్నేళ్లుగా అందరి కార్డులూ చదివేవాణ్ణి, నాది కవర్లో పెట్టాలని తట్టలేదు.

ఆ కార్డులో భుజం నొప్పి సంగతి కిందే, ఈ సూపర్‌వైజరు ఎలాంటివాడో కూడా రాశాను…