ఏడు తాళంచెవుల ఇల్లు

చిరంజీవి అమ్మాయికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేను క్షేమం. నా మతి కూడా క్షేమంగానే ఉన్నదని ఈసారి విడిగా వ్రాయవలసి వస్తున్నది. నువ్వు, అల్లుడుగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మన చర్చి సంఘం కార్యదర్శి నీకు ఫోన్ చేసి, నేను శరణార్థి కుటుంబాన్ని ఇంట్లో పెట్టి తాళం వేశానని చెప్పాడట. శుద్ధ అబద్ధం. నేను తాళం వేయలేదు, తాళం మార్పించాను. ఈ రెండింటికీ తేడా తెలియని మనిషి చేతిలో సంఘం మినిట్స్ పుస్తకం పద్నాలుగేళ్లుగా ఉన్నది. వాళ్లు లోపల నిమ్మళంగానే ఉన్నారు. బయట నిలబడి గగ్గోలు పెడుతున్నది మనవాళ్లు.

ఇదంతా ఫోన్‌లో చెప్పవచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను సగం మాట చెప్పేలోపే నువ్వు "అమ్మా, మాత్రలు వేసుకున్నావా" అంటావు. వేసుకున్నాను. మోకాలు మెట్లెక్కేటప్పుడు మాత్రమే విసిగిస్తున్నది. ఈ నెలలో నన్ను విసిగించినవాళ్లలో దానిది ఆఖరి స్థానం.

యుద్ధంలో ఇల్లు పోగొట్టుకొని, గుడారాల శిబిరంలో మూడేళ్లు గడిపిన కుటుంబాన్ని మన సంఘం పిలిపించుకొన్నదని నీకు లోగడ వ్రాశాను. భర్త వడ్రంగి. భార్య బడిలో లెక్కలు చెప్పేది. మన భాష ఆగి ఆగి మాట్లాడుతుంది గాని, తప్పు మాట్లాడదు. ఇద్దరు ఆడపిల్లలు. చర్చి వెనుక ఖాళీగా ఉన్న పాత పాస్టరుగారి ఇల్లు వాళ్లకు ఇచ్చాం.

వాళ్లకు పాత బట్టలు పంపనా అని అడిగావు. నీకు పుణ్యముంటుంది, పంపకు. ఇప్పటికే ఆ ఇంట్లో నాలుగు ఇస్త్రీ బల్లలు, తొమ్మిది గోడగడియారాలు, తలుపు మూసుకోని ఫ్రిజ్ ఒకటి ఉన్నాయి. పారేయడానికి మనసొప్పని మన సంఘం సామానంతటికీ అక్కడే మోక్షం దొరికింది. ఒక పెద్దమనిషి మూడు కాళ్ల కుర్చీ ఇచ్చి, "చేతిలో పని ఉన్నవాడు, బాగుచేసుకుంటాడులే" అన్నాడు. ఆ వడ్రంగి నాలుగో కాలు చేసి, పాలిష్ కూడా పెట్టాడు. దాతగారు చూసి ముచ్చటపడి, కుర్చీ తిరిగి పట్టుకుపోయాడు.

కుర్చీ పోతే పోయింది. అసలు బాధ తాళంచెవులతో వచ్చింది. ఆదరణ కమిటీలో మేం ఏడుగురం. ఏడుగురి దగ్గరా ఆ ఇంటి తాళంచెవులు. రోజుకొకరు వెళ్లి బాగోగులు చూడాలని ఏర్పాటు. పాటల బృందం పెద్దావిడ పిల్లలు లేవకముందే వచ్చి, పొద్దుటి గాలి మంచిదని కిటికీలన్నీ బార్లా తెరిచేది. కార్యదర్శి తన వంతు కాని రోజుల్లో కూడా చుట్టాలను వెంటబెట్టుకొని వచ్చి, ఇంటివాళ్లు భోంచేస్తుండగా, "ఇదిగో, మేం తెప్పించిన కుటుంబం" అని చూపించేవాడు, కొత్తగా కొన్న బీరువాను చూపించినట్టు.

కిందటి నెలాఖరున శరణార్థుల కార్యాలయం నుంచి పాస్టరుగారికి కబురు వచ్చింది. తమను తిరిగి శిబిరానికి పంపించమని ఆ కుటుంబం అర్జీ పెట్టుకొన్నదట. శుక్రవారం వ్యాన్ వస్తుందట. వెంటనే కమిటీ కూర్చున్నది.

"ఇంత చేస్తే ఇదా విశ్వాసం?" అన్నది పాటల పెద్దావిడ.

"వాళ్లకేం తక్కువైంది, మీరే చెప్పండి మేడమ్‌గారూ!" అని కార్యదర్శి నా మీదికి వచ్చాడు. "మా ఇంట్లో నడుస్తున్న గడియారం తీసి ఇచ్చాను."

"తొమ్మిదోది మీదేనా?" అన్నాను.

పాస్టరుగారు మంచివారు. ఏ సంగతైనా తేల్చవలసి వచ్చినప్పుడు ముందు ప్రార్థన చేద్దామంటారు. చేశాం. కళ్లు తెరిచేసరికి అందరూ నావైపే చూస్తున్నారు. వెళ్లి ఆ ఇల్లాలితో మాట్లాడి రమ్మన్నారు.

ఇక్కడ నీకు ఇంతవరకు దాచిన మాట ఒకటి వ్రాయాలి. ఏడు తాళంచెవుల ఏర్పాటు కార్యదర్శిది కాదు. నాది. వంతుల పట్టిక గీసిన చెయ్యీ నాదే. ముప్పైయొక్క ఏళ్లు లైబ్రరీ నడిపినదాన్ని, ఎక్కడి వస్తువు అక్కడ లేకపోతే నాకు ఊపిరాడదని నీకు తెలుసు. వాళ్ల వంటింట్లో ప్రతి సొరుగుకూ, ప్రతి అరకూ చీటీలు వ్రాసి అంటించాను. వెళ్లినప్పుడల్లా చక్కెర ఉండవలసిన అరలో ఉప్పు, గుడ్డల సొరుగులో చెంచాలు. పాపం, తెలియదు కాబోలు అనుకొని, అన్నీ సర్ది వచ్చేదాన్ని.

ఆ రోజూ అంతే. మాట్లాడడానికి వెళ్లినదాన్ని, నా తాళంచెవితో తలుపు తీసుకొని, కాళ్లకు అలవాటైపోయి నేరుగా వంటింట్లోకి నడిచి, ఉప్పుడబ్బా మీద చెయ్యి వేశాను. వెనకాల ఆమె. స్నానం మధ్యలో చప్పుడు విని వచ్చింది. తలకు తువ్వాలు, మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా, ఆ ఉప్పు అక్కడే ఉండనివ్వండి," అన్నది.

"చీటీ చూడలేదా? అది చక్కెర అర."

"చూశాను. చదవడం వచ్చు. నాకు పొయ్యి పక్కన ఉప్పు కావాలి. మీరు పన్నెండుసార్లు తీశారు. నేను పన్నెండుసార్లు పెట్టాను."

నేను అక్కడే ఒక బల్ల మీద కూర్చుండిపోయాను.

"శిబిరంలో మాకు తలుపు లేదమ్మా," అన్నదామె. "గుడ్డ వేలాడేది. అయినా ఎవరొచ్చినా బయట ఆగి దగ్గేవాళ్లు. మేం రమ్మన్నాకే గుడ్డ ఎత్తేవాళ్లు. ఇక్కడ మంచి తలుపుంది. మీలో ఒక్కరూ బయట ఆగలేదు."

"ముందే చెప్పొచ్చు కదా?"

"మీ ఇల్లు కదమ్మా. మీ ఇంట్లో మీకేం చెప్తాం?"

నేను లేచి, ఉప్పుడబ్బాను పొయ్యి పక్కనే ఉంచి వచ్చేశాను.

మర్నాడు తాళాల మనిషిని పిలిపించి తాళం మార్పించాను. ఉన్న రెండు తాళంచెవులూ ఆమె చేతిలో పెట్టాను. అర్జీ సంగతి అడగలేదు. ఆమె అనుమతితో చీటీలన్నీ గోటితో గీకి తీశాను. మంచి జిగురు వాడాను, నా ఖర్మ. శుక్రవారం వ్యాన్ వచ్చింది. చర్చి కిటికీలోంచి చూస్తున్నాను. వడ్రంగి బయటికి వచ్చి, డ్రైవరుకు నమస్కారం పెట్టి, ఖాళీ వ్యాన్‌ను పంపించేశాడు. ఆ సాయంత్రం ఇస్త్రీ బల్లలు మూడు వీధిలోకి వచ్చాయి.

ఆదివారం కార్యదర్శి మళ్లీ చుట్టాలతో వెళ్లాడు. తాళంచెవి తిరగలేదు. "మేడమ్‌గారూ, అది సంఘం ఆస్తి!" అని చర్చి వరండాలో అందరూ వినేట్టు అరిచాడు.

"ఇల్లు సంఘానిదే. తలుపు వాళ్లది. తట్టండి," అన్నాను. నీకు ఫోన్ వచ్చింది ఆ తర్వాతే.

ఇక నీ ఉత్తరంలోని ఆఖరి ప్రశ్న. నిరుడు నేను స్నానాలగదిలో జారినప్పుడు, నన్ను అడిగితే ఒప్పుకోనని, నా ఇంటి రెండో తాళంచెవి ఈ కార్యదర్శికే ఇచ్చి వెళ్లావు. అప్పటినుంచి అతడు నా వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తెరిచి, నేను ఏం తిన్నదీ ఏం తిననిదీ నీకు చేరవేస్తున్నాడు. నీ భయం నాకు తెలుసు. అందుకే ఏడాదిగా ఓర్చుకొన్నాను. ఇప్పుడు నువ్వు, అతడి దగ్గర తాళంచెవి ఉండాలి, లేదా నేను నీ దగ్గరికి వచ్చేయాలి, ఏదో ఒకటి తేల్చమని వ్రాశావు.

తేల్చాను. తాళాల మనిషి అదే రోజు మన ఇంటికీ వచ్చాడు. కార్యదర్శి దగ్గరున్నది ఇక పనికిరాదు. నిన్ను అడగలేదు. అడిగితే ఒప్పుకోవని. నువ్వు వచ్చినప్పుడు కూడా గుమ్మం బయట ఆగి ఒక్కసారి దగ్గు. రా తల్లీ అనకుండా ఉంటానా?

కొత్త తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర ఉన్నది. రెండోది లెక్కల టీచరమ్మకు ఇచ్చాను. రోజూ సాయంత్రం వచ్చి, గుమ్మం బయట ఆగి దగ్గుతుంది. నేను "రా" అంటాను. ఇంతవరకు ఆ తాళంచెవి వాడలేదు. నేను "రా" అనని రోజున వాడుతుంది.

ఇట్లు,
తన తలుపు తానే తీసే
మీ అమ్మ