ఇద్దరు అనసూయమ్మలు

వరంగల్, 1949. కార్తీక సోమవారం.

ఓటర్ల జాబితా రాసే గుమాస్తా వచ్చాడు. అనసూయమ్మ అని నా పేరు రాయించాను. అత్త పేరు కోడలికి ఉండకూడదని మా కోడలిని కోమలి అని పిలుస్తున్నాము. అదేమో ఈరోజు నోరు తెరిచి, "నా అసలు పేరు గూడ అనసూయమ్మనే" అంది.

"ఒక్క ఇంట్ల ఇద్దరా? మొగని పేరు చెప్పు. లేకుంటే నీది కొట్టేస్త" అన్నాడు గుమాస్తా.

మొగుడి పేరు పలకడం పాపమని దానికి నేర్పింది నేనే.

"మీ కొడుకే గద అత్తమ్మా, జర మీరు చెప్పరాదుండ్రి?"

"నీకు ఓటెందుకే? నీకు తెలిసింది ఓటికుండ ఒక్కటే" అన్నాను.

గుమాస్తా నవ్వుతూ కొట్టేశాడు. మనవరాలు కూడా తల్లిని చూసి నవ్వింది.

ఇందాక వంటింట్లోంచి నా కొడుకు పేరు వినిపించింది. మెల్లగా, మళ్లీ మళ్లీ. పలుకుతున్నది కోడలే. గుమాస్తా ఇంకా ఈ వాడలోనే తిరుగుతున్నాడు...