ముళ్ళు వాపసు

ఆల్డర్ వాగు,
అక్టోబరు 3

జల అనుమతుల ఆఫీసులో ఉత్తరాలు చూసే బాబు గారికి,

డెల్ఫీన్ చార్లీ రాయునది. ఆల్డర్ వాగు ఒడ్డున మా తెగ వాళ్ళ ఊళ్ళో ఉంటాను. కొండ మీద రాగి గని వాళ్ళు తవ్విన చెత్తంతా మా వాగులో పోసుకుంటామని అర్జీ పెట్టారట. మీరేమో పటం తీసి చూసి, "అక్కడ వాగే లేదు, ఎండు గొయ్యి" అన్నారట! డెబ్బై నాలుగేళ్ళుగా నేను స్నానం చేస్తున్నది గోతిలోనా నాయనా? వాగు పోతే కింద నదీ పోతుంది. మా చేపలూ పోతాయి, పాడి రైతు నార్మ్ హాగెన్ ఆవులకు తాగే నీళ్ళూ పోతాయి.

సాక్ష్యం కావాలిగా? ఈ ఏడు సముద్రం నుంచి వాగెక్కి వచ్చిన మొదటి సాల్మన్ చేపను పొగబెట్టి పంపుతున్నాను. సగం మా ఊరంతా తలా ఒక ముక్క తిన్నాం. వెన్నుముల్లుతో సహా మిగతా సగం మీకు.

ఉంటాను,
డెల్ఫీన్ చార్లీ

తా.క. చేపను నార్మ్ తన ట్రక్కులో తెస్తున్నాడు. చేపల వలల గొడవతో ఇరవై ఏళ్ళు నా మొహం చూడని మనిషి. మీ గని పుణ్యమా అని ఇప్పుడు నోరు మూయడం లేదు.

జల అనుమతుల ఆఫీసు,
అక్టోబరు 8

శ్రీమతి డెల్ఫీన్ చార్లీ గారికి,

మేడమ్, మీ చేప అందింది. అభ్యంతరాలు కాగితం మీద మాత్రమే తీసుకుంటాం. చేపను ఎక్కించడానికి మా రిజిస్టరులో చోటు లేదు. నవంబరు 14న బహిరంగ విచారణ ఉంది. వాగు ఉన్నట్టు ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఏదైనా ఉంటే ఆ రోజు చూపవచ్చు. లేనిచో అనుమతి ఇచ్చేస్తారు.

ఇట్లు తమ విధేయుడు,
హోవార్డ్ లిండ్‌క్విస్ట్, గుమాస్తా

తా.క. రిజిస్టరులో ఎక్కని వస్తువు ఆఫీసులో ఉండరాదని నిబంధన. కనుక పై అధికారి క్రాంటన్ గారితో సహా పదకొండుమందిమి కలిసి దాన్ని తొలగించాం. ఏ చెక్కతో పొగబెట్టారండీ?

ఆల్డర్ వాగు,
అక్టోబరు 12

హోవార్డ్ నాయనా,

తిన్నారు, సంతోషం. మరి ముళ్ళేవి?

మొదటి చేప ముళ్ళన్నీ తిరిగి వాగులో వదలాలి. అప్పుడే అది వెనక్కి వెళ్ళి, "వాళ్ళు మర్యాదస్తులు, రండి" అని మిగతా చేపలకు చెబుతుంది. ముళ్ళు చెత్తబుట్టలో వేస్తే వచ్చే ఏడు ఏ మొహం పెట్టుకుని రమ్మంటాం? ఒక్కటి కూడా తగ్గకుండా పంపండి. నమ్మకపోతే వచ్చి చూసుకోండి. ఇనుప వంతెన దాటి ఎడమకు తిరిగి, నార్మ్ పాక వెనక నుంచి దిగాలి.

ఉంటాను,
డెల్ఫీన్ చార్లీ

తా.క. ఒడ్డున పెరిగే ఆల్డర్ చెట్టు చెక్కతోనే. వాగు పేరు అదే కదా, ఆ మాత్రం తెలియదూ?

జల అనుమతుల ఆఫీసు,
అక్టోబరు 27

డెల్ఫీన్ చార్లీ గారికి,

అమ్మా, మీరు ముళ్ళు అడగ్గానే క్రాంటన్ గారు బెంబేలెత్తారు. విషం ఉందేమో పరీక్ష చేయిస్తారనుకున్నారు. "ఆ నీళ్ళల్లో అప్పుడే గని మురికి కలిసిందంటావా?" అని రెండుసార్లు అడిగారు. "లేని వాగులో మురికి ఎలా కలుస్తుందండీ?" అన్నాను. కసురుకున్నారు.

దొరికిన ముళ్ళన్నీ డబ్బాలో పెట్టి, వస్తువుల వాపసు ఫారం నింపి పంపుతున్నాను. ముద్ర ఉంది. క్రాంటన్ గారి సంతకం ఉంది. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. భద్రంగా.

తమ విధేయుడు,
హోవార్డ్

తా.క. ఒక ముల్లు క్రాంటన్ గారి గొంతులో ఇరుక్కుంటే డాక్టరు తీశాడు. అదీ డబ్బాలో ఉంది. ఫారం కాస్త తడిసింది, ఎందుకని అడగకండి.

ఆల్డర్ వాగు,
నవంబరు 17

హోవార్డ్ నాయనా,

విచారణ రోజు నువ్వక్కడే ఉన్నావు, నేల చూపులు చూస్తూ. నీ ఫారమే తీసి చదివించాను. "వస్తువు: సాల్మన్ ముళ్ళు. ఎక్కడివి: ఆల్డర్ వాగు." ముద్ర, సంతకం! గని వకీలు ఫారం తీసుకుని వెనకా ముందూ తిప్పి చూశాడు. వాగును పటంలో ఎక్కించేదాకా అనుమతి ఆపేశారు. నార్మ్ నన్ను కావలించుకుని భోరుమన్నాడు, ఆవుల వాసన వేస్తూ.

కానీ నీకు చెప్పకుండా నీ కాగితంతోనే మీ ఆఫీసును ఇరికించాను. నీ ఉద్యోగానికి ఏమొస్తుందోనని మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. తప్పయితే తిట్టు.

డెల్ఫీన్

తా.క. ముళ్ళు వాగులో వదిలాం. తోక దగ్గరిది ఒకటి తగ్గింది. మీ బల్లల కింద వెతికించు.

జల అనుమతుల ఆఫీసు,
నవంబరు 21

అమ్మా,

తినండి. నా ఉద్యోగం ఉంది. చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవడం క్రాంటన్ గారికి ఇష్టం లేదు.

వాపసు ఫారంలో ఐదు గడులే ఉంటాయి. "ఎక్కడివి" అన్నది ఆరోది. స్కేలు పెట్టి నేనే గీశాను.

అది నింపే ముందు నా కళ్ళతో చూడాలనిపించి, అక్టోబరులోనే ఒక ఆదివారం మీరు చెప్పిన దారినే వచ్చాను. ఎంత లోతుందో చూద్దామని ఫారం జేబులో పెట్టుకుని దిగితే నడుము దాకా వచ్చింది. ఒక చేప వచ్చి నా కాలికి కొట్టుకుంది. నేను కదలకపోతే మళ్ళీ కొట్టుకుంది, దారిమ్మన్నట్టు. సిగ్గేసిందమ్మా. నీళ్ళు బాగా తగ్గిపోయే ఆగస్టులో విమానం నుంచి తీసిన ఫొటో చూసి, ఆ పటం మీద "ఎండు గొయ్యి" అని ఇరవై రెండేళ్ళ కిందట రాసింది నేనే.

మీ
హోవార్డ్

తా.క. తోక ముల్లు ఎక్కడికీ పోలేదు, నా చొక్కా జేబులో ఉంది. శనివారం వచ్చి నేనే వదులుతాను. క్రాంటన్ గారూ వస్తారట. వాగు చూడటానికి కాదు, ఇంకో చేప ఉందేమో కనుక్కోమన్నారు.