బాపు ఇచ్చిన లింకు

జూన్ 10, సోమవారం

మేం చూసుకునే గ్రానైట్ కంపెనీ సైట్ గూగుల్‌లో మొదటి పేజీకి వచ్చింది. మా బాస్ కరుణాకర్ సార్ ఆఫీసందరికీ బిర్యానీ తెప్పించారు.

ఆరు నెలలు నేను కరీంనగర్‌లో కాలేజీలనూ పేపర్ వాళ్లనూ తమ సైట్లలో మాకు లింకు ఇమ్మని బతిమాలి ఒక్కోటీ సంపాదించాను. మంచి సైట్లు ఇచ్చే లింకులను బట్టే గూగుల్ పైకి లేపుతుంది, మా సైట్ కొంచెం కొంచెంగా పాకింది. సార్ ఎవరో వెండర్ దగ్గర లింకులు కొన్నారు, ఎగిరి పైన కూర్చుంది. నీ లింకులు నడుసుకుంట వస్తయ్, నావి బస్సెక్కి వస్తయ్ అన్నారు. ఒళ్లు మండింది. బిర్యానీ మాత్రం తిన్నాను.

జూలై 1, సోమవారం

సైట్ పోయింది. కంపెనీ పేరు కొట్టినా కనిపించడం లేదు. కృత్రిమమైన లింకులు ఉన్నాయని గూగుల్ నోటీసు ఇచ్చింది. వెండర్ ఫోన్ ఎత్తడు.

చెడ్డ లింకులన్నీ ఏరి, వీటితో మాకు ఎలాంటి సంబంధమూ లేదు, లెక్కలోకి తీసుకోవద్దు అని గూగుల్‌కు పంపాలట. ఆ పని నాది. సార్ తిన్న విస్తరి నేనెత్తాలి.

జూలై 2, మధ్యాహ్నం

పొద్దుటి నుంచి ఏరుతున్నాను. ఊరూ పేరూ లేని డైరెక్టరీలు, ఎవరూ చదవని బ్లాగుల కింద కామెంట్లు. అంతా చెత్త. చెత్త సైట్‌ను లేపదు. లేపింది ఒకే ఒక్క లింకు. అది ఏ సైట్ నుంచి వచ్చిందో చూశాను.

జైనూర్‌పాటలు డాట్ ఇన్. మా బాపు సైట్, మా నాన్న సైట్.

తెరిచాను. బాపు సేకరించిన చర్చి పాటలన్నీ ఉన్నాయి. కోతల పాటలో మూడో చరణం తర్వాత రమ్మీ ఆడమని ప్రకటన ఉంది. ప్రార్థన పాట మధ్యలో మా గ్రానైట్ లింకు. పైన బాపు ఫొటో నవ్వుతోంది.

సాయంత్రం

ఇప్పుడు అర్థమైంది. బాపు పోయి రెండేళ్లు. సైట్ పేరుకు ఏటా డబ్బు కట్టమనే రెన్యువల్ మెయిల్స్ ఆయన మెయిల్‌కే వెళ్లి ఉంటాయి. ఎవరు చూస్తారు? గడువు తీరింది, వెండర్ ఆ పేరు కొనుక్కుని పాత పాటలే మళ్లీ పెట్టాడు. అమ్మకానికి రాని చోటంటూ లేదు.

బాపు జైనూర్ గుట్టల్లోని చర్చి సంఘాలన్నీ తిరిగి, ముసలివాళ్లు పాడితే విని, ఒంటి వేలితో టైప్ చేసిన పాటలవి. ఆయన ఎవరినీ లింకు అడగలేదు. యూనివర్సిటీ వాళ్లు, మిషన్ ఆస్పత్రి వాళ్లు, పాటల మీద పుస్తకాలు రాసేవాళ్లు వాళ్లంతట వాళ్లే ఇచ్చారు. వెండర్ కొన్నది ఆ మర్యాదనే.

ఆ రోజు నేను తిన్న బిర్యానీ బాపు సంపాదన.

జూలై 3, బుధవారం

ఆసిఫాబాద్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. అవ్వ దగ్గర దాచలేక చెప్పేశాను. గిదేంది బిడ్డా, బతికినన్ని దినాలు మీ బాపు పేకముక్క ముట్టలే గదా అంది. తర్వాత, జర తీసెయ్యమని చెప్పు, గా పేరు మనది అంది.

ఆ పేరు ఇప్పుడు మనది కాదని ఎలా చెప్పను?

జూలై 4

చెడ్డ లింకుల ఫైల్ గూగుల్‌కు పంపాను. బాపు సైట్ తప్ప అన్నీ రాశాను.

జూలై 6

బాపు పాటలన్నీ లాప్‌టాప్‌లోకి దించుకున్నాను. ఒక్కో పాటలోంచి రమ్మీని ఏరేశాను. ఏడుస్తూనే ఏరాను.

జూలై 19, శుక్రవారం

గూగుల్ ఒప్పుకోలేదు. చెడ్డ లింకు ఇంకా ఉందట. ఉదాహరణ కూడా చూపించింది. తెరవక్కర్లేదు, నాకు తెలుసు.

గిదెట్ల వదిలిపెట్టినవ్ అని సార్ అడిగారు. అది మా బాపుది అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. తనకు తెల్వదన్నారు. నిజమే, తెలియదు. ఇప్పుడది మీ బాపుది కాదమ్మా, రాసెయ్ అన్నారు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 20

రాశాను. అవ్వకు చెప్పలేదు.

జైనూర్‌పాటలు డాట్ ఇన్. దీనితో మాకు ఎలాంటి సంబంధమూ లేదు.