క్యోనిగ్స్‌వింటర్‌లో ఆరు గంటలు

కార్ల్స్‌రూహె, 2 మే 2023

ప్రియమైన గీతికా,

నేను ఫోన్‌లో ఆఁ, ఊఁ తప్ప ఏమీ మాట్లాడనని అన్నావు. అందుకే రాస్తున్నాను.

మీ అమ్మ పోయినేడు బుక్ చేసిన రైన్ నది ఓడ ప్రయాణాన్ని నేను రద్దు చేయలేదు. ఈ నెల 20న ఓడ క్యోనిగ్స్‌వింటర్‌లో తొమ్మిది నుంచి మూడు దాకా ఆగుతుంది. అక్కడ కొండ మీది పాడుబడిన కోటకు, రంపపు పళ్ళలాంటి పట్టాల మీద పాకుతూ ఒక చిన్న రైలు వెళ్తుంది. ఆ రైలు కోసమే మీ అమ్మ ఈ ఓడను ఎంచుకుంది. ఒక్కణ్ణే వెళ్తాను.

ఒక ఫైలు పంపుతున్నాను. పాస్‌వర్డ్‌లు, ఇన్సూరెన్స్, ఇక్కడ ఉద్యోగానికిచ్చిన బ్లూ కార్డ్ నకలు. మార్చిలో అమ్మ పోయాక కాగితాల కోసం నేను పడ్డ వెతుకులాట నీకు వద్దు.

మీ నాన్న,
దశరథ్

జీగెన్, 6 మే

నాన్నా,

ఫైలు అందింది. పాస్‌వర్డ్‌లు సరే. నీ గడియారం ఎవరికివ్వాలో ఎందుకు రాశావు? యాభై రెండేళ్ళకు అట్లా ఎవరు రాస్తారు?

ఆ కొండ ఎక్కకు. అమ్మ పోయి ఏడాది తిరక్కుండా మనం కొండ ఎక్కకూడదట. అమ్మమ్మ చెప్పింది.

నీ గీతిక

కార్ల్స్‌రూహె, 10 మే

ప్రియమైన గీతికా,

వరంగల్‌కు ఫోన్ చేసి మీ అమ్మమ్మను అడిగాను. "దేవుడున్న కొండకే పట్టింపు నాయ్నా. రైలెక్కితే ఏమైతది? స్వెటర్ ఏస్కో" అంది. ఆ మాట నువ్వే పుట్టించావు.

కారణం అడగను. నేను బాగానే ఉన్నాను. నువ్వు ల్యాబ్ మానేసి రావద్దు.

నాన్న

జీగెన్, 13 మే

నాన్నా,

అవును, అబద్ధమే. నువ్వు అమ్మమ్మ మాట దాటవు కదా అని.

మీ పక్కింటి శారదాదేవి ఆంటీతో మాట్లాడాను. అమ్మ చీరలు, మొక్కలు, చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా ఇచ్చేశావట. "కుక్కర్ ఎందుకిచ్చిండమ్మా, పప్పెట్ల తింటడు?" అని ఆంటీయే అడిగింది. బాగున్న మనిషెవడూ కుక్కర్ ఇచ్చేయడు.

నాన్నా, నీకు బతకాలని లేదా?

20న పదకొండుకు వస్తాను. అప్పటిదాకా కొండ కింద స్టేషన్‌లోనే కూర్చో. రైలెక్కకు. బతిమాలుతున్నా.

నీ గీతిక

కార్ల్స్‌రూహె, 23 మే

ప్రియమైన గీతికా,

ఇల్లు చేరాను. నా సూట్‌కేసు మాత్రం ఓడలో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళింది.

నీ రైలు నలభై నిమిషాలు ఆలస్యమైంది. అంతలో కొండ రైళ్ళు రెండు వెళ్ళాయి. రెండోదానికి లేచి నిలబడ్డాను. నువ్వు వచ్చి ఖాళీ బెంచీ చూస్తావు అనుకున్నాను. మళ్ళీ కూర్చున్నాను.

నువ్వు వచ్చాక కలిసే ఎక్కాం. కొండ పైన ఉండగా మూడింటికి ఓడ కూత వినబడగానే "నాన్నా, లే, పోతుంది" అన్నావు. "పోనీ" అన్నాను. నవ్వావు. తర్వాత చాలాసేపు ఏడ్చావు. బతకాలని లేదా అని అడిగావు కదా.

లేదు. మార్చి నుంచి లేదు. ఆ కొండ మీంచి తిరిగి రాకూడదనే వెళ్ళాను. నీ భయం నిజమే.

నిన్న డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. శుక్రవారం పదింటికి. ఏం సమస్య అని ఫోన్‌లో అడిగితే, నిద్ర పట్టడం లేదన్నాను. లోపలికి వెళ్ళాక కూడా అదే చెప్తాను, నా సంగతి నాకు తెలుసు.

నువ్వు వచ్చి పక్కన కూర్చో. నేను నిద్ర పట్టడం లేదంటే ఒప్పుకోకు.

నీ కోసం చూస్తూ,
నాన్న