లైటు చూసుకోవడానికి

బావగారూ,

మీ చెల్లెలు చనిపోయిన వారానికే తన ఫోటో ఒకటి పంపమని రాశారు. నెల దాటినా జవాబివ్వనందుకు క్షమించండి. ఇరవై ఏళ్లుగా సినిమా తారల ఫోటోలు తీస్తున్నవాడి దగ్గర భార్య ఫోటో లేదంటే మీరు నమ్మరు.

నిజానికి తనను తీసినన్నిసార్లు నేను ఇంకెవరినీ తీయలేదు. హీరోయిన్ వచ్చేలోపు లైటు చూసుకోవడానికి మా ఇంటి కింది స్టూడియోలో స్టూలు మీద తననే కూర్చోబెట్టేవాణ్ణి. వంట మధ్యలో పిలిచినా చేతులు తుడుచుకుంటూ వచ్చేది. "ఈసారన్నా ఒకటి ఉంచండి, బాగా పడ్డానేమో" అనేది. "నువ్వెక్కడికి పోతావులే, తర్వాత తీరిగ్గా తీస్తాను" అనేవాణ్ణి. హీరోయిన్ రాగానే తనవన్నీ చెరిపేసేవాణ్ణి.

పాత మెమరీ కార్డులన్నీ వెతికితే ఒక్కటి దొరికింది. అందులో, రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్టను మొహానికి అడ్డంగా పట్టుకుని కూర్చుంది. వేళ్లూ, ఒక చెవీ కనిపిస్తున్నాయి. లైటు మాత్రం చక్కగా పడింది.

అదే పంపుతున్నాను. పెళ్లికి ముందుది ఏదైనా మీ దగ్గరుంటే దయచేసి నాకు పంపండి. కళ్లు మూసుకుంటే ఆ స్టూలు మీద నాకు హీరోయిన్లే కనిపిస్తున్నారు.